అమ్మమ్మ కనుబొమ్మ మీద బాణం

“అమ్మమ్మా, చెయ్యి దించు! బాణం ఇంకా ఆరలేదు” అంది తూనీగ, మంచం చుట్టూ నాలుగోసారి తిరిగొస్తూ.

ఒక్కచోట రెండు నిమిషాలు నిలబడితే ఒట్టు. అందుకే పదేళ్లుగా ఇంట్లో అందరికీ ఆ పిల్ల తూనీగే.

ఆపరేషన్‌కి ముందు పేషెంట్లను కూర్చోబెట్టే గది అది. ఆరు మంచాలు, మంచానికో పచ్చ తెర. అమ్మమ్మ ఆసుపత్రి గౌను వేసుకుని, జుట్టంతా టోపీలోకి దోపుకుని కూర్చుంది. ఇవాళ కుడి కంటికి శుక్లం ఆపరేషన్. ఆ కంటితో అమ్మమ్మకి దాదాపు ఏమీ కనబడదు. ఎడమ కంట్లో శుక్లం ఇంకా ముదరలేదు. పాపం, ఆ ఒక్క కంటితోనే నెట్టుకొస్తోంది. మొన్నటికి మొన్న గోడకి వేలాడుతున్న రెయిన్‌కోటుని చూసి, “నిలబడే ఉన్నారేం, కూర్చోండి” అని మర్యాద చేసింది.

ఇందాకే డాక్టర్ వచ్చి, కుడి కనుబొమ్మ పైన ఊదారంగు మార్కర్‌తో చిన్న బాణం గీసి వెళ్లాడు. ఏ కంటికి ఆపరేషనో తెలియడానికి గుర్తు అది. “ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి. పది నిమిషాల్లో వచ్చి కంట్లో చుక్కలు వేస్తాను” అని సిస్టర్ మరీ మరీ చెప్పింది. అమ్మేమో ఫారాలు నింపడానికి కౌంటర్ దగ్గరికి వెళ్లింది.

“చమట కంట్లోకి దిగుతోందే. కాస్త తుడుద్దూ” అంది అమ్మమ్మ.

తూనీగ తడి రుమాలు తీసుకుని ఒక్క రుద్దు రుద్దింది. రుమాలుకి ఊదారంగు అంటింది. అమ్మమ్మ నుదుటి మీద బాణం లేదు!

తూనీగ నాలుక కరుచుకుంది. సిస్టర్ అంతగా చెప్పి వెళ్లింది కదా! ఇప్పుడొచ్చి చూస్తే అందరి ముందూ తిడుతుందేమో. అటూ ఇటూ చూసింది. తన బ్యాగులో స్కెచ్ పెన్నుల డబ్బా ఉంది. అందులో ఊదారంగు కూడా ఉంది.

అమ్మమ్మ ఎదురుగా నిలబడి, కుడి ఎటో ఒకసారి తన చెయ్యి చూసుకుని, ఆ పక్కన కనుబొమ్మ పైన బాణం గీసేసింది. నిజం చెప్పొద్దూ, డాక్టర్ గీసినదానికన్నా నీటుగా వచ్చింది.

“ఏంటే ఆ గీకుడు?”

“ఏం లేదు అమ్మమ్మా, తుడుస్తున్నా.”

ఇంతలో సిస్టర్ రానే వచ్చింది. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో చుక్కల మందు.

“ముందు బీపీ చూస్తాను. మీ కుడి చెయ్యి ఇవ్వండి అమ్మా” అంది.

అమ్మమ్మ చెయ్యి చాపింది. తూనీగ ఆ చేతిని చూసింది. తన ఎడమవైపు ఉంది ఆ చెయ్యి. మళ్లీ చూసింది. ఎదురుగా నిలబడితే అమ్మమ్మ కుడి తనకి ఎడమ అవుతుంది! అంటే తను గీసిన బాణం ఎడమ కంటి మీదుంది. కాస్తో కూస్తో కనబడే ఆ ఒక్క కంటి మీద!

సిస్టర్ బీపీ రాసుకుంది. అమ్మమ్మ పేరు అడిగి, చేతికి కట్టిన పట్టీ మీది పేరుతో సరిచూసింది.

“ఏ కంటికి ఆపరేషన్ అమ్మా?”

“పొద్దుట్నుంచి అయిదుసార్లు చెప్పాను తల్లీ! నా నోరు నొప్పి పుడుతోంది. బాణం గీశారుగా, అది ఏ కంటి మీదుంటే ఆ కంటికే!” అని విసుక్కుంది అమ్మమ్మ.

తూనీగ సిస్టర్ చేతిలోని చుక్కల మందు వైపు చూసింది. చెబితే తిట్లు తప్పవు. చెప్పకపోతే, ఆ మంచి కన్ను కోసేస్తే? అమ్మమ్మ ఇంటికెళ్లి గోడలు పట్టుకుని నడవాలా?

“ఆగండి సిస్టర్!” అని అరిచేసింది. “ఆ బాణం డాక్టర్‌ది కాదు, నాది. తుడుస్తుంటే చెరిగిపోయింది. భయమేసి నేనే గీశా. తప్పు కంటి మీద గీసేశా!”

చివరి మాటకి ఏడుపొచ్చేసింది.

సిస్టర్ చుక్కల మందు పక్కన పెట్టింది. వంగి బాణం చూసింది. కాగితం చూసింది. మొహంలో నవ్వు లేదు.

“చెరిగిపోతే చెరిగిపోయింది. నన్ను పిలిస్తే సరిపోయేది. నువ్వు గీశావు చూడు, భయమంతా దానితోనే” అంది. తూనీగకి దూది ముక్క ఇచ్చింది. “కళ్లు తుడుచుకో. మీ అమ్మమ్మ నోటితో కుడో ఎడమో చెప్పందే నేనెలాగూ చుక్క వెయ్యను. లోపల మళ్లీ అడుగుతారు. కానీ కాగితం ఒక కన్ను, బాణం ఇంకో కన్ను చెబితే, తప్పెవరిదో తేలేదాకా ఆపరేషన్ ఆపేస్తాం. ఇవాళ మీరు వెనక్కి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు చెప్పావు కాబట్టి ఒక్క ఫోనుతో పోయింది.”

“ఓసి నీ అసాధ్యం కూలా! నా నుదురేమన్నా నీ డ్రాయింగ్ పుస్తకమా?” అంది అమ్మమ్మ. వెంటనే సిస్టర్ వైపు తిరిగి, “కుడి కన్ను తల్లీ. కుడి కన్ను. ఇంకో పదిసార్లు అడిగినా చెబుతా” అంది.

సిస్టర్ స్పిరిట్‌తో బాణం తుడిచేసి డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన వచ్చి, కాగితం చూసి, అమ్మమ్మని అడిగి, మళ్లీ గీశాడు. అమ్మకి సంగతంతా తూనీగే చెప్పింది. తిట్లు పడ్డాయి. గట్టిగానే పడ్డాయి. అయినా పొట్టలో రాయి పెట్టుకుని కూర్చోవడం కంటే అదే నయమనిపించింది.

గంటన్నర తర్వాత అమ్మమ్మ కుడి కంటి మీద ప్లాస్టిక్ మూతతో బయటికి వచ్చింది.

“లోపల ఇంకో సిస్టర్ నా చెయ్యి పట్టుకునే ఉందే. దగ్గొచ్చేట్టుంటే కదలకుండా చెయ్యి నొక్కమంది. రెండుసార్లు నొక్కాను.”

“దగ్గొచ్చిందా?”

“లేదు. అక్కడ ఉందో లేదోనని.”

ఇంటికి బయల్దేరేముందు సిస్టర్ ఒక చార్టు ఇచ్చింది. రోజుకి నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వేసిన ప్రతిసారీ గడిలో టిక్కు పెట్టాలి. చుక్కలు వెయ్యడం అమ్మ పని. వేళకి గుర్తుచేసి టిక్కు పెట్టడం తూనీగ పని.

మూడు రోజులు గడియారం తప్పినా తూనీగ తప్పలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆటలో పడిపోయింది. లోపలికొచ్చేసరికి నాలుగైంది. రెండింటి గడి ఖాళీగా ఉంది. అమ్మ కూడా పనిలో పడి మర్చిపోయింది.

“మళ్లీ ఆరింటికి వేస్తారుగా. టిక్కు పెట్టెయ్యవే, సిస్టర్ వచ్చి చూసిందా!” అంది అమ్మమ్మ, మంచం మీంచే.

తూనీగ పెన్ను మూత తీసింది. గడిలో పట్టేలా చిన్న అక్షరాలతో రాసింది: ‘వెయ్యలేదు. మర్చిపోయాను.’

తర్వాత వంటింట్లోకి వెళ్లి అమ్మకి చెప్పి, ఫోన్ అడిగి తీసుకుంది. చార్టు అడుగునున్న ఆసుపత్రి నంబరు నొక్కింది.

“సిస్టర్, నేను తూనీగని, ఆ రోజు బాణం గీసిన పిల్లని. రెండింటికి చుక్కలు వెయ్యడం మర్చిపోయాం. ఇప్పుడేం చెయ్యమంటారు?”