ఒకే తప్పు ఐదుసార్లు

కుర్చీ చూపించినా ఆ పెద్దావిడ కూర్చోలేదు. గుడ్డసంచి రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడింది.

"తొమ్మిది కుక్కపిల్లలు చచ్చిపోయాయండీ. నేనే చంపానంటున్నారు. ఎల్లుండి కమిటీ కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగం. పోతే పోనివ్వండి, ఆ పేరుతో మాత్రం పోకూడదు."

మాస్టారు పెన్సిలు కింద పెట్టారు. ఆయన ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పారు. పరీక్ష హాల్లో దొంగల్ని పట్టడం అలవాటై, రిటైరయ్యాక బయట దొంగల్ని పట్టడానికి ఈ గది తీసుకున్నారు. గోడవార స్టూలు మీద కూర్చున్న శిష్యుడు ఒకప్పుడు ఆయనకి దొరికిన దొంగే. పక్కవాడి పేపరు చూసి రాస్తూ వాడి హాల్‌టికెట్ నంబరు కూడా దించేసిన ఘనుడు. ఇప్పుడు నలభై రెండేళ్లు వచ్చాయి. మాస్టారు దగ్గితే అందులోనూ అర్థం వెతుక్కుంటాడు.

పెద్దావిడ పనిచేసేది కుక్కల జబ్బులకి టీకాలు తయారుచేసే పరిశోధనశాలలో. అక్కడ చలిగది ఆవిడ చేతిలో ఉంటుంది. మంచుగడ్డల మధ్య ఉంటుందని అందరూ మంచమ్మ అంటారు. పార్వో అనే రక్తవిరేచనాల జబ్బుకి అక్కడ కొత్త టీకా చేశారు. ఒక పెంపకం షెడ్డులో పన్నెండు పిల్లలకి వేశారు. నెల తిరిగేసరికి షెడ్డులోకి జబ్బు వచ్చి తొమ్మిది పోయాయి. టీకా సీసాలు వెచ్చబడి పాడయ్యాయనీ, చలిగది వదిలి మంచమ్మ ఎటో పోయిందనీ మాట పుట్టింది.

"మీరు ఎక్కడికైనా వెళ్లారా?" అన్నారు మాస్టారు.

"లేదండీ. కదల్లేదు." ఆ మాట నేలని చూస్తూ చెప్పింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాడు శిష్యుడు. సామెత పట్టుకుని మనిషిని తూచేవాడికి తూకం ఎప్పుడూ తప్పే వస్తుంది. ఆ సంగతి అతనికి తర్వాత తెలిసింది.

పరిశోధనశాలలో ప్రొఫెసరమ్మ ఎదురొచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి, కళ్ల కింద నలుపు. వెనకే నెరిసిన జుట్టుతో పశువుల డాక్టరు. ఆమెకి చదువు చెప్పినవాడు ఆయనే. ఆమె ఆయన్ని గురువుగారూ అనే పిలుస్తుంది.

"టీకా వేసే ముందురోజు మధ్యాహ్నం రెండున్నరకి నేను చలిగదికి వచ్చాను. మనిషి లేదు," అన్నాడు డాక్టరు. "మూడు దాకా రాలేదు. అంతకన్నా నాకు తెలీదు. ఆవిడమీద నాకేం కోపం లేదు."

మాస్టారు శిష్యుణ్ణి పక్కకి పిలిచారు. "ఒరేయ్, నేను కంప్యూటర్ దగ్గరికి వెళ్తున్నా. నువ్వు చలిగది చార్టు రాసుకో. మంచమ్మని ఏమీ అడక్కు."

శిష్యుడు చార్టు రాసుకున్నాడు. చలి ఎంతుందో అరగంటకొక అంకె. డాక్టరు చెప్పిన రోజున రెండున్నర గడి ఖాళీగా ఉంది. అతనికి మాస్టారి మెప్పు కళ్లముందు కదిలింది. మంచమ్మ పక్కనే నిలబడి ఉంది. డాక్టరూ అక్కడే ఉన్నాడు. ఇద్దరు టెక్నీషియన్లు సీసాలు సర్దుతున్నారు.

"ఏమ్మా, కదల్లేదన్నావు. మరి ఈ గడి ఎవరు మింగారు?" అన్నాడు శిష్యుడు.

"మర్చిపోయాను బాబూ."

"ఇరవై రెండేళ్లలో ఆ ఒక్కరోజే మర్చిపోయావా?"

"బయటికెళ్లి చెప్తాను బాబూ. ఇక్కడొద్దు."

"చెప్పేదేదో అందరి ముందూ చెప్పు. దాచడానికేముంది?" అతని పెదవి మీద నవ్వు ఉంది. దొంగ దొరికినప్పటి నవ్వు.

మంచమ్మ సీసాల వైపు తిరిగింది. "దగ్గొస్తే ఆగదు. బట్టలు తడిసిపోతాయి. ఏడాదైంది. ఆ రోజు సంచిలో మార్చుకోడానికేం లేక ఇంటికెళ్లొచ్చాను. చలిగది తలుపు గొళ్లెం పెట్టే వెళ్లాను."

టెక్నీషియన్లలో ఒకడు తల దించుకున్నాడు. రెండోవాడు దించుకోలేదు. మాస్టారి గదిలో ఆవిడ కుర్చీ ఎందుకు వద్దందో, సంచి ఎందుకు వదల్లేదో శిష్యుడికి అప్పుడు తెలిసింది. చేతిలో ఉన్న కాగితం మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు.

లోపలి గదిలో ప్రొఫెసరమ్మ మాస్టారికి తెర మీద చూపిస్తోంది. "వైరస్ జన్యువంటే అక్షరాల దండండీ. ఐదు షెడ్ల నుంచి ఐదు నమూనాలు తెప్పించి చదివించాం. ఐదింటిలోనూ మారని ముక్కలేవో కంప్యూటర్ వెతికింది. వాటిలో కుక్క ఒంట్లోని కాపలా గట్టిగా గుర్తుపట్టేది ఏదో లెక్కగట్టింది. ఆ ముక్కతోనే టీకా చేశాం. వైరస్ ఎన్ని వేషాలేసినా అక్కడ దొరికిపోవాలి."

"ఐదింటికీ తేడాలెన్ని?"

"ఒక్కటీ లేదు. మేం ఆశించినదానికన్నా బాగా వచ్చింది."

"పుస్తకాల్లో ఉన్న పాత వైరస్‌తో పోలిస్తే?"

"పధ్నాలుగు చోట్ల మారింది. ఐదింటిలోనూ అవే పధ్నాలుగు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నమూనాలు తెచ్చిందెవరు?"

"గురువుగారు. నాలుగు నెలల కిందట, ఇప్పుడు పిల్లలు పోయిన షెడ్డుతో కలిపి ఐదు షెడ్లూ ఆయనే తిరిగారు."

"బతికిన పిల్లలకీ పోయిన పిల్లలకీ టీకా వేశాక రక్తం తీశారా?"

"తీశాం. ఎవరూ పరీక్ష చెయ్యలేదు. సీసాలు పాడయ్యాయన్నాక ఇంకెందుకని."

"చెయ్యండి. పోయిన పిల్లల్లోని వైరస్ కూడా చదివించండి."

ఆ మధ్యాహ్నం మాస్టారూ శిష్యుడూ పిల్లలు పోయిన షెడ్డుకి వెళ్లారు. డాక్టరు కూడా కారులో వెంట వచ్చాడు. గేటు దగ్గర మందునీళ్ల తొట్టి ఉంది. పెంపకందారు ఇద్దరి చేతా చెప్పులతో సహా అందులో కాళ్లు ముంచించాడు. "పార్వో చెప్పుకంటుకుని వస్తుందండీ. నెలలు బతుకుతుంది," అన్నాడు. ఫోన్ చేసుకోవాలని డాక్టరు కారు దగ్గరే ఉండిపోయాడు. గంటసేపు ఎండలో నిలబడ్డాడు. ఫోను మాత్రం జేబులోంచి తియ్యలేదు.

కమిటీ రోజున మాస్టారు అందర్నీ పొడుగుబల్ల చుట్టూ కూర్చోబెట్టారు. కమిటీ పెద్ద, ప్రొఫెసరమ్మ, డాక్టరు, పెంపకందారు. మంచమ్మ తలుపు దగ్గర నిలబడింది. ఈసారి కూర్చోమని ఎవరూ అనలేదు.

"ముందు చలిగది సంగతి," అన్నారు మాస్టారు. "పాడైన టీకా నీళ్లతో సమానం. అది వేస్తే రక్తంలో ఏమీ పుట్టదు. ఈ పన్నెండు పిల్లల రక్తంలోనూ కాపలా కణికలు నిండుగా పుట్టాయి. అంటే టీకా చల్లగానే ఉంది, పని కూడా చేసింది. మంచమ్మ అరగంట బయటికి వెళ్లింది, గొళ్లెం పెట్టి వెళ్లింది. అంతే."

"పనిచేస్తే పిల్లలు ఎందుకు పోయాయి?" అన్నాడు కమిటీ పెద్ద.

"కాపలావాళ్లున్నారు. వాళ్ల చేతికిచ్చిన ఫోటో వేరే దొంగది. ఈ షెడ్డు వైరస్ సరిగ్గా ఆ ముక్క దగ్గరే మారిపోయి ఉంది. మారని ముక్క అని కంప్యూటర్ చెప్పింది కదా అంటారు. దానికి ఐదు పేర్లతో ఒకే నమూనా పెడితే మారలేదనే చెబుతుంది. తెచ్చిందెవరని అది అడగదు. అడగాల్సింది మనిషి."

ప్రొఫెసరమ్మ ముందున్న కాగితాలు తిరగేసింది.

"వైరస్‌ది చూచిరాత. రాసేటప్పుడు తప్పులు చేస్తుంది. ఏ షెడ్డులో పడిన తప్పులు ఆ షెడ్డువి. నేను పేపర్లు దిద్దినవాణ్ణి. సరైన జవాబు ఊరంతా ఒకేలా రాయొచ్చు. ఐదుగురు పిల్లలు అవే పధ్నాలుగు తప్పులు రాసుకొస్తే ఒక్క పేపరు దిద్ది, మిగతా నలుగుర్నీ నిలబెట్టేవాణ్ణి." మాస్టారు పెంపకందారు వైపు తిరిగారు. "నాలుగు నెలల కిందట మీ షెడ్డు నుంచి నమూనా ఎవరు తీశారు?"

"ఎవరూ తియ్యలేదండీ."

"ఈ డాక్టరుగారు రాలేదా?"

"ఆయన్ని మా గేటు దాటనివ్వం. పోయినేడు పక్క షెడ్డులో జబ్బు కుక్కల్ని చూసి, ఆ బూట్లతోనే మా దగ్గరికొచ్చారు. ముప్ఫై పిల్లలు పోయాయి. ఆయన మొహం మీదే చెప్పాం. మా చుట్టుపక్కల ఏ షెడ్డువాళ్లూ రానివ్వరు, ఒక్కరు తప్ప."

అందరూ డాక్టరు వైపు చూశారు. ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నాలుగు గేట్లు తియ్యలేదు," అన్నాడు చివరికి. "తియ్యని చోట కుర్రాళ్లు కర్రలు పట్టుకుని నవ్వారు. తిరిగొచ్చి ఈ అమ్మాయికి ఏమని చెప్పను? షెడ్లలో జబ్బు అడుసు ఎలా తొక్కకూడదో నేనే నేర్పాను ఈమెకి. ఉన్న ఒక్క కుక్క నుంచే ఐదు సీసాలు నింపాను. జబ్బు ఒకటే కదా, తేడా ఏముంటుందిలే అనుకున్నాను."

"మరి చలిగది మాట?"

"చూసింది చెప్పాను."

"చూసింది చెప్పి, చేసింది దాచారు. మీ సిగ్గు కప్పుకోడానికి ఆవిడ బట్ట లాగారు," అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు.

ప్రొఫెసరమ్మ లేచింది. "తేడా ఒక్కటీ లేదని చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఒక్క నిమిషం వచ్చింది. గురువుగారు తెచ్చారు కదా అనుకున్నాను. అలాగే ఉండాలని కోరుకున్నాను కూడా. నా పేరు కూడా రాసుకోండి." ఆమె కమిటీ పెద్దకే చెప్పింది. మంచమ్మ వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు.

మంచమ్మ ఉద్యోగం నిలిచింది. డాక్టరు ఆ సాయంత్రమే రాజీనామా రాశాడు. దాంతో ఎవరి కుక్కపిల్లా తిరిగి రాలేదు.

మెట్లు దిగుతుంటే శిష్యుడు అన్నాడు, "మాస్టారూ, ఆ ప్రశ్న నేను..."

"ఆ ఖాళీ గడి నేను తలుపు దగ్గరే చూశాను. అడగడం చేతకాక వదిలాననుకున్నావా?" మాస్టారు ఆగలేదు. "ఆ డాక్టరు తన సిగ్గు కోసం ఆవిణ్ణి ముంచాడు. నువ్వు నా మెప్పు కోసం. పోయి ఏం చేస్తావో చెయ్యి."

మంచమ్మది సందు చివర ఒంటిగది. తీగ మీద ఉతికిన బట్టలు వరసగా ఆరుతున్నాయి. శిష్యుణ్ణి చూసి ఆవిడ బట్టలకి అడ్డంగా నిలబడింది.

"క్షమాపణ చెప్పుకుందామని వచ్చానమ్మా."

"చెప్పు."

"తప్పయింది. నన్ను క్షమించండి."

మంచమ్మ అతన్ని చూసింది. కోపంగా ఏమీ లేదు.

"నువ్వు అడగడం తప్పని నేననను బాబూ. పోలీసులూ అడుగుతారు. నువ్వు నవ్వావు. రేపొద్దున నేను పనిలోకెళ్లాలి. ఆ ఇద్దరు కుర్రాళ్లూ అక్కడే ఉంటారు. నేను దగ్గినప్పుడల్లా ఒకడు చూస్తాడు, ఒకడు చూడనట్టుంటాడు. రిటైరయ్యేదాకా అంతే. నువ్వా గదికి రానక్కర్లేదు."

"నేను వాళ్లతో మాట్లాడతానమ్మా."

"ఇంకా మాట్లాడతావా?"

అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

"నీ బరువు దించుకోడానికి వచ్చావు. ఈ గది చిన్నది, పెట్టుకోడానికి చోటు లేదు. తీసుకుపో."

తీసుకుపోయాడు.