ఓబుళేశు సీటు

ఎర్రగుంట్లలో ఎండాకాలం మధ్యాహ్నం మా ఇంట్లో చీకటిగా ఉంటుంది. వడగాలి రాకుండా తలుపులు, కిటికీలు అన్నీ నేనే మూస్తాను. నాపరాళ్ల మీద నీళ్లు చల్లుకొని పడుకుంటాను. ఆ వేళకు వీధిలో కుక్క కూడా అరవదు.

అట్లాంటి మధ్యాహ్నమే నా కొడుకు భూపేష్ వాని చిన్ననాటి సైకిలు అటక మీద నుంచి దించినాడు. బీఎంఎక్స్ సైకిలు. లావు టైర్లు, అడ్డకమ్మీకి స్పాంజి. వాని పదేండ్లప్పుడు వాళ్ల నాయన కడపలో కొనిచ్చింది. నలభై దాటిన మొగోడు, సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవాడు, ఆ తుప్పును మళ్లీ నిలబెడతానన్నాడు. కోడలు శివజ్యోతి అలిగి రాయచోటికి, పుట్టింటికి పోయినాక వానికి తోడు ఆ సైకిలే అయింది.

కొత్త సామాన్లు పనికిరావంట. ఆ కాలంవే కావాలంట. పాత ఇనుము అంగళ్లన్నీ తిరిగి హ్యాండిలు తెచ్చినాడు. ఫోనులో ఎవరెవరితోనో మాట్లాడి రిమ్ములు తెప్పించినాడు. ఒక్క స్పోకు వదులుగా ఉన్నా వానికి నిద్ర పట్టదు. ఆ గుణం నాది. సీటు మాత్రం యాడా దొరకలేదు.

ఒకరోజు సీటు చంకలో పెట్టుకొని వచ్చినాడు. దాని చిరుగుకు పచ్చదారంతో కుట్లు. ఆ వంకర కుట్లు ఎవరివో నాకు తెలుసు. నా తోటికోడలు లక్ష్మీదేవమ్మవి.

"చిన్నమ్మ ఇచ్చింది," అన్నాడు, నా మొగం చూడకుండా.

ఆ ఇంటి గడప నేను తొక్కి ముప్పై ఏండ్లు. అప్పట్లో లక్ష్మీదేవమ్మ కొడుకు ఓబుళేశు రోజూ మధ్యాహ్నం మా వాకిట్లో నిలబడేవాడు. "పెద్దమ్మా, ఒక్క రౌండు ఇమ్మని చెప్పు" అనేవాడు. నేను చెప్పలేదు. ఒకరి వస్తువు ఇంకొకరు ముట్టడం నాకు గిట్టదు. ఓబుళేశు వాళ్ల నాయన పంతానికి అట్లాంటిదే ఇంకోటి కొనిచ్చినాడు. నెల తిరగకముందే ఆ పిల్లోడు సైకిలుతో సహా నీళ్లు నిండిన నాపరాళ్ల గనిలో పడి చచ్చిపోయినాడు. శవం ముందర, ఊరంతా చూస్తుంటే, లక్ష్మీదేవమ్మ నా నెత్తిన మన్ను పోసింది. నా దిష్టే వాని మింగిందంట. మన్ను తలంటుకుంటే పోయింది. మాట పోలేదు.

ఎందుకిచ్చిందని అడిగినాను. గనిలోంచి తీసిన సైకిలు ఇన్నేండ్లూ కొట్టంలో పెట్టుకొని, ఇప్పుడు వీడు అడగకముందే సీటు ఊడబీకి ఇచ్చిందంట. ఇచ్చేటప్పుడు ఒక మాట అనిందంట.

"నా కాడ ఉండనంటాండాడప్పా. మీ ఇంటికే వస్తాడంట."

తిరిగి ఇచ్చి రమ్మన్నాను. భూపేష్ నవ్వి, సీటు తన ఎత్తుకు లేపి పానాతో బిగించినాడు.

మరుసటి రోజు చూస్తే సీటు కిందికి దిగి ఉండాది. పదేండ్ల పిల్లోడు కూర్చునే ఎత్తుకు. సరిగా బిగించలేదని వాని తిట్టినాను. మళ్లీ బిగించినాడు. నేను పట్టుకొని లాగి చూసినాను, కదల్లేదు. మరునాటి మధ్యాహ్నానికి మళ్లీ కిందికే.

ఆ పొద్దు కరెంటు పోయింది. ఫ్యాను నిలబడినాక, పక్క గదిలోంచి చప్పుడు.

టిక్... టిక్... టిక్...

తొక్కడం ఆపితే సైకిలు చక్రం చేసే చప్పుడు. దాని ఎనకాలే వాసన. నిలవ నీళ్ల వాసన... తడిసిన రాతిపొడి వాసన. గని మా ఇంటికి మైలు దూరం.

గోడ పట్టుకొని పోయినాను. చీకట్లో భూపేష్ సైకిలు మీద కూర్చోనుండాడు, నాకు వీపు పెట్టి. సీటు కిందికే ఉండాది. మోకాళ్లు రొమ్ముకు ఆనుకొని ఉండాయి. ఎనక చక్రం స్టాండు మీద తిరుగుతాండాది. కాళ్లు నేల మీదనే ఉండాయి.

"దిగు నాయనా," అన్నాను.

చక్రం తిరుగుతానే ఉండాది.

"ఆ సీటు ఇట్లియ్యి. ఆయమ్మ మొగాన పారేసొస్తా."

చక్రం నిలబడింది. వాడు తల తిప్పలేదు. గొంతు మాత్రం వానిదే. నలభై ఏండ్ల మొగోని గొంతు.

"పెద్దమ్మా... ఒక్క రౌండు."

లేచి, తలుపు తీసుకొని, చెప్పుల్లేకుండా ఎండలోకి నడిచిపోయినాడు. నేరుగా లక్ష్మీదేవమ్మ ఇంటికి.

ఇప్పుడు ఆడే తింటాడు, ఆడే పడుకుంటాడు. డ్యూటీకి పోతాడు. ఆయమ్మను అమ్మా అంటాడంట. నా నోటికి జడిసి పోయినాడని జనం నవ్వుకుంటాండారు. శివజ్యోతి ఫోను చేసి ఏడ్చింది. ఆయన నా పేరేందని అడిగినాడత్తా, అనింది.

లక్ష్మీదేవమ్మ కబురు పంపింది. అక్క మా గడప తొక్కి, ఆ సీటు నా చేతిలో పెట్టి అడిగితే కొడుకును పంపిస్తానని. నేను పోలేదు. నా నెత్తిన మన్ను పోసిన చేతుల ముందర నేను చెయ్యి చాపను.

సైకిలున్న గదికి గొళ్లెం పెట్టినాను. అయినా మధ్యాహ్నమయితే చప్పుడు ఆగదు. ఓబుళేశే అనుకున్నాను. రానీ, ఎన్ని రౌండ్లు తిరుగుతాడో తిరగనీ అనుకున్నాను.

నిన్న తలుపుకు చెవి ఆనించినాను. తలుపు చల్లగా, తడిగా ఉండాది. చప్పుడు ఆగింది. లోపల పిల్లోని గొంతు. అది ఓబుళేశు గొంతు కాదు. నా కొడుకు పదేండ్లప్పటి గొంతు.

"అమ్మా... ఈడ శానా లోతుగా ఉండాది."