ఎడమకి జరిగిన కాలమ్

"కాఫీలో ఉప్పు వేశావు," అన్నాడు భర్త, గ్లాసు బల్ల మీద పెట్టి.

"వేసింది నేనే. వేయించింది మీరు."

"డబ్బాల మీద పేర్లు రాసి మరీ అంటించాను. చూసుకోవాలి కదా."

"పంచదార పొయ్యికి కుడిపక్కన మూడో డబ్బా. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. చెయ్యి అలవాటుగా అక్కడికే వెళ్తుంది. చెయ్యి చదవదు."

"అక్షర క్రమంలో సర్దాను. మా ఆఫీసులో ఫైళ్ళన్నీ అలాగే ఉంటాయి."

"మీ ఆఫీసులో ఫైళ్ళని ఎవరూ కాఫీలో వేసుకోరు."

అత్తగారు పేపరు మడిచింది. "పొద్దున్నే ఏం గొడవర్రా. డబ్బాలు చక్కగా ఉన్నాయి. సర్వే అని వచ్చిన అమ్మాయికి రెండు ముక్కలు జవాబు చెప్పాను. ఆరు డబ్బాలు ఊరికే ఇచ్చిపోయింది."

"ఊరికే వచ్చినవాటి ఖరీదు తర్వాత తెలుస్తుంది అత్తయ్యా," అంటూ కోడలు ఉప్పు కాఫీ సింకులో పారబోసింది.

ఫోన్ మోగింది. అవతల గొంతు పొడిగా ఉంది.

"గొడుగుల షాపు నుంచి. మీ పాత గొడుగు విరిగిందమ్మా."

"బాగుచెయ్యడానికి వీలు పడదా?"

"పడదు."

ఆవిడ ఫోన్ పెట్టేసి, తడి చేతులు చాలాసేపు తుడుచుకుంది. ఆ సంకేతంలో గొడుగు విరగడమంటే తమవాళ్ళలో ఒకరు చనిపోవడం. పాత గొడుగంటే రికార్డులు చూసే ముసలాయన, తాత.

ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఆవిడ ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పార్ట్ టైం గుమాస్తా. ఆ ఆఫీసు వెనక గోడకి ఒక బీరువా ఉంది. బీరువా తలుపు తీస్తే బట్టలుండవు, మెట్లుంటాయి. మెట్ల కింద గూఢచారి విభాగం ఉంది. అక్కడ ఎవరికీ పేర్లు లేవు. ఆవిడ కోడ్ నేమ్ వదిన. వయసులో తండ్రిలాంటివాడైన ఛీఫ్ కూడా ఆవిడని వదినా అనే పిలవాలి. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

రికార్డు గదిలో తాత కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద టీ కప్పు, దాని చుట్టూ సుద్దగీత.

"గుండె ఆగిందనుకున్నాం," అన్నాడు పెద్దాయన. "ల్యాబ్ వాళ్ళు టీలో విషం ఉందంటున్నారు. వదినా, కూర్చోండి. బ్రీఫింగ్ చిన్నదే."

విషయం ఇదీ. ఒక విదేశీ ముఠా విషవాయువు తయారుచేస్తోంది. ఆ ల్యాబ్ నుంచి పారిపోయి వచ్చిన డాక్టరమ్మ సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంది. చిన్న కూతురితో ఎక్కడో దాక్కుని ఉంది. ఎక్కడన్నది తాత ఒక్కడికే తెలుసు. ఆ చిరునామాని మామూలు ఫొటో లోపల దాచి, తన కంప్యూటర్‌లో పెట్టాడు. మధ్యాహ్నం ఆ ఫొటో తెరిచి, కిటికీల్లేని వ్యాన్‌లో తల్లీకూతుళ్ళని వేరే చోటికి తరలించాలి.

"ఎస్కార్టు ఎవరు?"

"నెమలి, స్క్రూ. ఇద్దరికీ ఈ గది తాళంచెవి ఉంది. మీకూ నాకూ కూడా ఉందనుకోండి." పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "బయటివాడు ఇక్కడిదాకా రాలేడు. వాళ్ళిద్దరిలో ఒకరు తాతని చంపారు. ఆ ఒకరే మధ్యాహ్నం ఆ పసిపిల్ల పక్కన కూర్చుంటారు."

స్క్రూ మెషిన్లు బాగుచేసే మనిషి. గొణగడం తప్ప మాట్లాడడం రాదు. నెమలి అవతలి దేశం గూఢచార సంస్థలో పనిచేసి, అక్కడి రహస్యాలు పట్టుకుని ఇటు వచ్చిన అందగత్తె. విందుల్లో రాయబారులు ఆమెని చూస్తూ చెంచాలు జారవిడిచేవారు. ఆమె తెచ్చిన సమాచారం ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు.

వదిన కంప్యూటర్ ముందు కూర్చుంది. పాస్‌వర్డ్ నలుగురికీ తెలిసిందే. ఎవరో జాగ్రత్తగా తుడిచి వెళ్ళారు. ఏ ఫైళ్ళు ఎప్పుడు తెరిచారన్న హిస్టరీ ఖాళీ. కీబోర్డు మీద వేలిముద్రల్లేవు.

ఆవిడ ఫైల్ మేనేజర్ తెరిచింది. ఇది ఆవిడ సర్దిపెట్టిన ఇల్లే. తాతకి చూపు మందగించినప్పుడు పక్కన కూర్చుని సెట్టింగులన్నీ మార్చింది. ఐకాన్లు అరచేతంత పెద్దవి. వేళ్ళు వణుకుతాయి కాబట్టి రెండు క్లిక్కులు అక్కర్లేకుండా ఒక్క క్లిక్కుకే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఎడమ పక్క సైడ్‌బార్‌లో అక్కర్లేనివన్నీ తీసేసి మూడే మిగిల్చింది. పూర్తికాని పనుల ఫోల్డర్‌కి ఎరుపు, అయిపోయినవాటికి ఆకుపచ్చ. "నా బీరువా కూడా ఇంత బాగా ఎవరూ సర్దలేదమ్మా," అన్నాడు తాత ఆ రోజు.

ఒక్కో ఫోల్డరూ తెరుస్తూ వెళ్ళింది. పెద్ద ఐకాన్లు. మళ్ళీ పెద్ద ఐకాన్లు. 'అమ్మాయి పెళ్ళి' అన్న ఫోల్డర్ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అందులోని ఫొటోలు బొమ్మలుగా కనిపించలేదు. చీమల బారులాంటి సన్నటి అక్షరాలు, నిలువు కాలమ్‌లు. తాత భూతద్దం పెట్టినా చదవలేని లిస్ట్. అంతకన్నా వింత ఇంకోటుంది. ఎక్కడైనా ఫైలు పేరే మొదటి కాలమ్. ఇక్కడ సైజ్ కాలమ్‌ని మౌస్‌తో పట్టుకుని పేరుకి ఎడమకి లాగేశారు. పెద్ద ఫైలు పైన, చిన్నది అడుగున వచ్చేలా సార్ట్ చేశారు.

 హంతకుడు హిస్టరీ తుడిచాడు. కానీ ప్రతి ఫోల్డర్‌నీ చివరిసారి ఎలా చూశారో ఫైల్ మేనేజర్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుందని మర్చిపోయాడు.

"ఫొటోల్లో ఏదో దాచారని తెలిసిన మనిషి," అంది. "లోపల ఇంకోటి దాస్తే ఫొటో బరువు పెరుగుతుంది. అందుకే బరువు చూశారు. అన్నిటికన్నా పైనున్న ఈ ఫొటో మిగతావాటికి నాలుగింతలుంది."

"కాపీ చేసుకుపోయారా?"

"లేదనుకుంటాను. హిస్టరీ తుడిచినా పెన్‌డ్రైవ్ పెట్టిన గుర్తు మెషిన్‌లో మిగులుతుంది, ఇందులో లేదు. సగంలో ఎవరో వచ్చినట్టున్నారు."

"రాత్రి గార్డు రౌండుకొచ్చి తలుపు తట్టాడు, ఆ అడుగుల చప్పుడుకే జారుకుని ఉండాలి. తాత పలకలేదనే మాకు తెలిసింది."

"అయితే మళ్ళీ వస్తారు. రానిద్దాం."

తర్వాత ఆవిడ చేసిన పని వంటింటి పనిలాగే కనిపించింది. అసలు ఫొటోని పెద్దాయన డ్రైవ్‌లోకి మార్చింది. దాని స్థానంలో పనికిరాని బొమ్మొకటి అదే పేరుతో, అదే తేదీతో పెట్టింది. సైజ్ ఒక్క బైటు కూడా తేడా రాకుండా బరువు నింపింది. ఆపైన రైట్ క్లిక్ మెనూ తెరిచింది. పైనుంచి మూడో వరుసలో 'కాపీ' ఉంటుంది. దాన్ని తీసేసి, అదే చోట తను తయారుచేసిన ఇంకో ఆదేశం పెట్టింది. దాని మీద పేరు కూడా దాచలేదు. 'తాళం' అని రాసింది.

"పేరు మార్చండి వదినా. చూసి ఆగిపోతారు."

"చూడరు. పొద్దున్న మా ఇంట్లో నేనూ చూడలేదు."

మెనూ వెనక నడిచే ఆ చిన్న స్క్రిప్టుని, అంటే ఆదేశాల ముక్కని, హిడెన్ ఫైల్‌గా అదే ఫోల్డర్‌లో దాచింది. వేరే చోట దాచడానికి టైం లేదు. అదొక్కటే ఆవిడకి నచ్చలేదు.

పది నిమిషాల తర్వాత కారిడార్‌లో నెమలీ స్క్రూ ఇద్దరూ వినేలా పెద్దాయన కేక వేశాడు. "తాత మెషిన్‌లో ఏదీ దొరకలేదు. పన్నెండుకి హెడ్డాఫీసు వాళ్ళొచ్చి పట్టుకుపోతారు. అందాకా గదికి తాళం వెయ్యండి."

పక్క గదిలో చీకట్లో వదినా పెద్దాయనా మానిటర్ చూస్తూ కూర్చున్నారు. తాత తెర మీద ఏం జరిగినా ఇందులో కనిపిస్తుంది. ఇందాకే గది పైమూల రహస్యంగా బిగించిన కెమెరా దృశ్యం పక్కన చిన్న చదరంలో ఉంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఫ్యాన్ ఒక్కటే కిర్రుమంటోంది.

పన్నెండుకి కాస్త ముందు తలుపు తెరుచుకుంది. లోపలికొచ్చింది సఫాయి మనిషి. నీలం గౌను, మూతికి మాస్కు, చేతిలో బకెట్. బకెట్ కింద పెట్టి, కుర్చీలో కూర్చుని, కొంగ మెడలాంటి సన్నటి వేళ్ళకున్న రబ్బరు తొడుగులు సవరించుకుంది. జేబులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. రంగు రాలేదు. పెన్‌డ్రైవ్ బయటికొచ్చింది.

"స్క్రూ కాదు," అని ఊపిరి వదిలాడు పెద్దాయన.

తెర మీద 'అమ్మాయి పెళ్ళి' తెరుచుకుంది. వదిన దాన్ని పెద్ద ఐకాన్లకి మార్చి ఉంచింది. నెమలి దాన్ని లిస్ట్ చేసింది. సైజ్ కాలమ్ తలని పట్టుకుని, మాట్లాడుతూ వెంట్రుక వెనక్కి తోసుకున్నంత తేలిగ్గా, ఎడమకి లాగింది. పెద్దవి పైకి లేచాయి.

ఆమె చెయ్యి ఆగింది. అనుమానం ఘాటు వాసనలాంటిది, తలుపులు మూసినా వస్తుంది. నెమలి పైన మెనూలోకి వెళ్ళి 'హిడెన్ ఫైల్స్ చూపించు' నొక్కింది.

పెద్దాయన వదిన మణికట్టు పట్టుకున్నాడు. ఈ పొద్దున పుట్టిన ఆ స్క్రిప్టు ఇప్పుడు ఆ లిస్ట్‌లోనే, బయటే ఉంది. చూస్తే లేచి వెళ్ళిపోతుంది. సాక్ష్యం ఉండదు. మధ్యాహ్నం వ్యాన్ ఎక్కుతుంది.

నెమలి కళ్ళు లిస్ట్ పైభాగాన్ని జల్లెడ పట్టాయి. బరువైనవన్నీ పైనున్నాయి. వదిన స్క్రిప్టు నాలుగు వాక్యాల ముక్క. ఆ ఫోల్డర్‌లో దానికన్నా తేలికైంది లేదు. నెమలి అలవాటే దాన్ని అన్నిటికన్నా అడుగుకి, తెర దాటి కిందికి తోసేసింది.

ఆమె కిందికి జరపలేదు. తేలికైనవాటితో ఆమెకి ఎప్పుడూ పని లేదు.

ఫొటో సైజ్ అంకెలు ఒకసారి పెదాలు కదుపుతూ చదువుకుంది. సరిపోయింది. రైట్ క్లిక్. చూపు పెన్‌డ్రైవ్ మీద ఉండగానే వేలు మూడో వరుసకి జారింది.

స్క్రిప్టు పంపిన ఆదేశానికి టక్‌మని ఉక్కు తలుపు కరెంటు గడియ పడింది.

నెమలి పరుగెత్తలేదు. మాస్కు తీసి కెమెరా వైపు చూసి నవ్వింది. స్పీకర్‌లో ఆమె గొంతు తేనె పూసిన కత్తిలా వచ్చింది. "ఎక్కడ దొరికాను వదినా?"

"సైజ్‌ని ఎడమకి లాగావు. నిన్నా లాగావు."

"అంతేనా." ఆమె కాసేపు తన చేతినే చూసుకుంది. "మా బళ్ళో మొదటి పాఠం అది. పేరు అబద్ధం చెప్తుంది, బరువు చెప్పదు. చెయ్యికి అలా పట్టేసింది."

"తాత నీకు టీలో పంచదార తనే కలిపిచ్చేవాడు."

"అవును. మంచివాడు." గొంతు మారలేదు. "మీరు మాత్రం ఇవాళ ఉప్పు కాఫీతో వచ్చారు కదూ? అందుకే బుర్ర ఇంత చురుగ్గా పనిచేసింది."

పెద్దాయనకి అర్థం కాలేదు. వదిన మాత్రం కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉప్పు కాఫీ సంగతి ఆవిడ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మా కూతురూ క్షేమంగా చోటు మారారు. ఎస్కార్టుగా స్క్రూ, పెద్దాయన వెళ్ళారు. వదిన వెళ్ళలేదు. ఇంటికెళ్ళింది.

ఇల్లు ఎప్పటిలాగే ఉంది. అత్తగారు కునుకు తీస్తోంది. వదిన చెప్పులు చేత్తో పట్టుకుని వంటింట్లోకి నడిచింది. సర్వే అమ్మాయి ఇచ్చిన ఆరు డబ్బాలు. ఒకే రంగు, ఒకే ఎత్తు, భర్త గుండ్రటి చేతిరాతలో ఆరు పేర్లు. గోడలకి చెవులుంటాయంటారు. గోడలకే ఎందుకుండాలి?

చప్పుడు కాకుండా ఒక్కో దాన్నీ పళ్ళెంలోకి వంచి, ఖాళీ డబ్బాలని వంటింటి త్రాసు మీద పెట్టింది. అయిదు సరిసమానంగా తూగాయి. 'ఉప్పు' అని రాసింది కాస్త ఎక్కువ తూగింది. ఆ కాస్తా మాటలు వినే యంత్రమే, అడుగున రెండో రేకు కింద ఉంది.

దాన్ని విప్పలేదు. ఉప్పు మళ్ళీ పోసి, ఎక్కడిది అక్కడ పెట్టేసింది. తర్వాత బయటికెళ్ళి పెద్దాయనకి ఫోన్ చేసింది. నెమలి దొరికింది గానీ వినేవాళ్ళు ఇంకా వింటూనే ఉన్నారు. వాళ్ళకి ఈ వీధి తెలుసు, ఈ తలుపు తెలుసు, అత్తగారు ఎన్నింటికి పడుకుంటుందో తెలుసు.

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక వదిన లేచి, ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది.

"ఒక మాట చెప్పాలి. రేపు మనం ఇల్లు మారుతున్నాం."

భర్త చేతిలో ముద్ద ఆగిపోయింది. "డబ్బాలు సర్దినందుకేనా?"

"ఈ వంటిల్లు నాకు ఇరుకైపోయింది. మా ఆఫీసువాళ్ళు సముద్రం పక్కనున్న ఊళ్ళో ఇల్లిస్తున్నారు. పొద్దున్నే సామాను వ్యాన్ వస్తుంది." ఆ మాటలు కాస్త గట్టిగానే, డబ్బా వైపు వంగి అంది. ఆవిడ సంచిలో ఉన్న మూడు టికెట్లు సముద్రానికి ఎదురు దిక్కునున్న కొండల ఊరివి.

"సముద్రపు గాలి నాకు పడదే అమ్మాయ్," అంది అత్తగారు.

వదిన బల్ల కింద ఆవిడ చెయ్యి నొక్కింది. అత్తగారు ఒక్క క్షణం కోడలి మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. నలభై ఏళ్ళ సంసారం చేసిన మనిషి.

"సరే," అన్నాడు భర్త నీరసంగా. "ఈ డబ్బాలన్నా జాగ్రత్తగా ప్యాక్ చెయ్యి. కష్టపడి పేర్లు అంటించాను."

"ఈ ఒక్కటీ వ్యాన్‌లో ముందు పంపిద్దాం." వదిన డబ్బా మూత బిగించింది. దీనికోసం అక్కడ చాలామంది ఎదురుచూస్తారు. మావాళ్ళు కూడా, అనుకుంది మనసులో.