తిరుగు తేదీ

పరుగు!

ముందు నల్లమ్మ. వెనుక కిరణ్.

వేరుశనగ పీకేసిన చేను. ఎండి బిగుసుకున్న మట్టిగడ్డలు. అడుగు పడితే మడమ జారుతోంది.

"అత్తా! ఆగు... ఆగత్తా!"

ఆమె ఆగదు.

యాభై దాటిన మనిషి. అయితేనేం? పుట్టినప్పటి నుంచీ గొర్రెల వెంట నడిచిన కాళ్ళవి. పాతికేళ్ళ కిరణ్‌కు ఊపిరి అందడం లేదు.

రాత్రి ఇంకా ముదరలేదు. దూరంగా చిలమత్తూరు దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. రోడ్డు వారన ఏటవాలుగా నిలిచిన వ్యాన్... దాని హెడ్‌లైట్ల వెలుగు చేను మీద పొడుగ్గా పరుచుకుని ఉంది. ఇంజను ఆపకుండానే దూకేశాడు వాడు.

ఆ వెలుగులో ఒక్క క్షణం ఆమె చీర అంచు మెరిసింది.

మాయమైంది!

"దొరికిందేమిరా?" వ్యాన్ దగ్గర నుంచి కదిరప్ప కేక.

కిరణ్ పరుగు ఆపలేదు. గట్టు ఎక్కాడు. అవతలికి దూకాడు.

చేతికి దొరికింది!

మణికట్టు. గాజులు చిట్లిన చప్పుడు.

నల్లమ్మ గింజుకోలేదు. అరవలేదు. వాడి ముఖంలోకి చూసింది, అంతే.

"ఏమప్పా అల్లుడా... ఆ దేశంలోకి పోనీకి ఎవురి అనుమతీ అక్కర్లేదని చెప్తిరే! నా ఊర్లోకి పోనీకి నీ అనుమతి కావల్లనా?"

వాడి వేళ్ళు సడలాయి.

వాటంతట అవే సడలాయి.

ఆమె చీకట్లో కలిసిపోయింది.

* * *

కాసేపటి కిందట ఆ వ్యాన్‌లో అందరూ నవ్వుతున్నారు.

నల్లమ్మతో కలిపి, మడకశిర వైపు పల్లెల నుంచి గెలిచిన ఐదుగురు మండల సభ్యులు. మండలాధ్యక్షుడు విష్ణువర్ధన్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది వాళ్ళే. గొర్రెలు మేసే బీళ్ళన్నిటినీ సోలార్ కంపెనీకి వదిలేయాలని ఆయన తీర్మానం చేయించాడు. ఆ బీళ్ళు పోతే మందలు అమ్ముకోవడమే. అందుకే ఆయనను దించాలనుకున్నారు.

ఓటింగు ఇరవై రెండో తేదీన.

ఓటింగుకు ముందు సభ్యులను క్యాంపులో దాచడం ఈ వైపు కొత్త కాదు. ఇదివరకు బెంగళూరు రిసార్టులు, గోవా హోటళ్ళు. ఇప్పుడు క్యాంపు దేశమే దాటింది.

"విష్ణువర్ధన్ మనుషులు మిమ్మల్ని ఎత్తుకుపోతారత్తా. నేను దాచిపెడతా. మలేషియాకు వీసా కూడా అక్కర్లేదు."

అలా నమ్మించింది కిరణే. సొంత మేనల్లుడు. తల్లి పోయాక ఆమె చేతి సంగటి తిని పెరిగినవాడు. అనంతపురం తీసుకుపోయి పాస్‌పోర్టు చేయించింది కూడా వాడే.

కదిరప్పను 'ట్రావెల్స్ మనిషి' అని చెప్పి ఎక్కించాడు. రోమింగు చార్జీలు పడతాయని కదిరప్ప అందరి ఫోన్లూ సంచిలో వేసుకున్నాడు. విష్ణువర్ధన్‌కు అతను కుడిభుజమని వాళ్ళెవరికీ తెలియదు.

కిరణ్‌కు తెలుసు.

పని ముగిస్తే ఈ వ్యాన్ తన పేరు మీదికి మారుతుంది. అదీ తెలుసు.

"ఆడ దిగంగానే ఆఫీసరు అడుగుతాడు," కదిరప్ప సీట్ల మధ్య నిలబడి పాఠం చెబుతున్నాడు. "తడబడినారో, ఎనక్కి పంపిస్తాడు. గ్యాపకం పెట్టుకోండి."

"నిజంగా ఈసా లేకనే రానిస్తారంటనా?" నల్లమ్మకు అనుమానం. "మన మండలాఫీసులోకే చీటీ లేకుండా పోనియ్యరు గదప్పా!"

"ముప్పై దినాల వరకూ రానిస్తారమ్మా, సూసిపోయేవాళ్ళను. తిరుగు టికెట్టు, హోటలు రూము ఉంటే సాలు. ఆడ పని మాత్రం చెయ్యకూడదు."

"పని చెయ్యకుండా ముప్పై దినాలా! అట్లయితే మన ప్రెసిడెంటును పంపిచ్చుంటే సరిపోయుండు. ఆయప్పకు బాగా అలవాటే!"

వ్యాన్ దద్దరిల్లింది. ట్రాక్టరు తోలే లక్ష్మీపతి పొట్ట పట్టుకుని నవ్వాడు.

కదిరప్ప నవ్వలేదు.

"సాల్సాలు. ఎందుకొచ్చినారని అడుగుతాడు. ఏమంటారు?"

"ఆలిడే సార్!" లక్ష్మీపతి.

"ఎప్పుడు తిరిగి పోతారంటే?"

అందరూ ముఖాలు చూసుకున్నారు.

"ఇరవై ఏడు. ట్వంటీ సెవన్. తిరుగు తేదీ చెప్పకుంటే లోపలికి రానియ్యరు. అందరూ అనండి... ట్వంటీ సెవన్!"

నలుగురూ అన్నారు. బడిపిల్లల్లా.

నల్లమ్మ అనలేదు.

అద్దంలో ఆమె కళ్ళు కిరణ్ కళ్ళను వెతికి పట్టుకున్నాయి.

"ఓటు ఇరవై రెండు గదా... అల్లుడా?"

వాడు గేరు మార్చాడు. అవసరం లేకపోయినా మార్చాడు.

వ్యాన్‌లో ఒక్కొక్కరి నవ్వూ ఆరిపోయింది.

ఓటు పడే రోజున వాళ్ళు ఇక్కడ ఉండరు. వీసా అడగని ఆ దేశంలో, ఫోన్లు లేకుండా, భాష తెలియకుండా ఉంటారు. అదీ క్యాంపు.

"బండి ఆపు. ఒంటికి పోవల్ల," అంది నల్లమ్మ.

ఆపాడు.

ఆమె దిగింది. నాలుగడుగులు నడిచింది...

పరుగందుకుంది!

* * *

"వదిలేసినావేమిరా?"

కదిరప్ప గట్టు ఎక్కి వచ్చాడు. రొప్పుతున్నాడు.

"సెయ్యి జారిపోయిందన్నా."

"జారిపోయిందా! మేనత్త అనేసరికి నీళ్ళైపోయినాయా సేతులు?"

ఫోన్ మోగింది. కదిరప్ప స్పీకరు నొక్కాడు.

"యాడుండారు?" విష్ణువర్ధన్ గొంతు. నింపాదిగా ఉంది.

"నల్లమ్మ తప్పించుకుందన్నా. ఈడనే, చేనుల్లో..."

విష్ణువర్ధన్ గొంతు తగ్గించాడు.

"ఆయమ్మ ఊరు చేరిందంటే కిడ్నాపు కేసు. నా పేరు, మీ పేర్లు అన్నీ బయటికొస్తాయి. చేరకూడదు, కదిరప్పా. నేను చెప్పేది అర్థమయితాందా? చేరకూడదు."

ఫోన్ ఆగింది.

కదిరప్ప నడుము దగ్గర చెయ్యి పెట్టాడు. నాటు పిస్టలు బయటికి వచ్చింది.

కిరణ్ పిస్టలు వైపు చూశాడు. "అన్నా... దేశం దాటిస్తే సాలన్నావే!"

"దాటలేదు కదరా."

కుక్క మొరిగింది! ఒక్కసారి. వెంటనే ఊరుకుంది.

ఇద్దరూ అటు తిరిగారు.

పక్క చేనులో మంద. ఎరువు కోసం రైతులు రాత్రిపూట తమ చేలల్లో గొర్రెలను ఉంచుకుంటారు. చుట్టూ వల. లోపల వందలాది తలలు, చీకట్లో కదిలే ఒకే ఒక్క ఒళ్ళు.

"దీంట్లోనే దూరింది," కదిరప్ప గొణిగాడు. "పద!"

వల దాటారు.

గొర్రెలు లేచాయి! కొత్త మనుషుల వాసన. ఒకదాని మీద ఒకటి పడుతూ అవతలి కొసకు తోసుకుపోయాయి. దుమ్ము కళ్ళలో పడుతోంది. కదిరప్ప ఫోన్ టార్చి గిరగిరా తిప్పుతున్నాడు. ఎటు చూసినా ఉన్ని. ఎటు చూసినా మెరిసే కళ్ళు.

అతనికి ఏమీ అంతుపట్టలేదు.

కిరణ్‌కు పట్టింది.

ఈశాన్యపు మూల... కొన్ని గొర్రెలు లేవలేదు. పడుకునే ఉన్నాయి. నెమరు వేస్తూనే ఉన్నాయి. వాటి నడుమ నల్లటి కంబళి ఒకటి ముద్దగా ఉంది.

మంద బెదరదు, గొర్రెల మనిషి పక్కన ఉంటే.

అది పుస్తకాల్లో చదివింది కాదు. ఇలాంటి మందల్లోనే పెరిగాడు వాడు. చలికాలం అత్త కంబళిలో దూరి పడుకున్నాడు.

చూపు తిప్పుకున్నాడు.

చెప్పకూడదు. చెప్పడు!

"ఈడ లేదేమోనన్నా. వంకలోకి దిగిపోయుంటుంది. పోదాం పా."

"ఉండాది." కదిరప్ప పిస్టలు ఎత్తాడు. "మందలోకి పేలిస్తే అన్నీ చెదురుతాయి. అప్పుడు బయటపడతాది. పడకపోతే... ఈడనే పడుంటాది."

గొట్టం మెల్లగా తిరుగుతోంది. కుడికి... ఇంకా కుడికి...

ఈశాన్యపు మూలకు!

గొర్రెలు అక్కడ కదలడం లేదు. గురి కుదురుతోంది.

"కాల్చొద్దన్నా!" కిరణ్ గొంతు చీల్చుకుని వచ్చింది. "ఆడుండాది! ఆ మూలకు! కంబళి కింద ఉండాది మా యత్త! పట్టుకో... కాల్చొద్దు!"

చేను చేనంతా విన్నది ఆ మాట.

ఆమె ప్రాణం కోసం అరిచాడా? తన మీదికి హత్య కేసు వస్తుందని అరిచాడా? వాడికే తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

కదిరప్ప రెండంగల్లో చేరుకున్నాడు. కంబళి లాగేశాడు.

మనిషి లేచి కూర్చున్నాడు!

నెరిసిన గడ్డం. తలకు రుమాలు.

తిప్పన్న.

నల్లమ్మ భర్త! మేత కోసం ఈ వైపు తోలుకొచ్చిన మంద ఆయనది. నల్లమ్మ ఇక్కడే బండి ఆపించింది అందుకే. గొర్రెలు పడుకున్నది ఆయన పక్కన!

కిరణ్ గుర్తుపట్టాడు. "మామా..."

తిప్పన్న పిస్టలు వైపు చూడలేదు. వాడినే చూశాడు.

"మంద యట్ల పడుకుంటాదో, యాల పడుకుంటాదో... నీకు నేర్పిచ్చింది నేనే గదా, నాయనా."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"యాడ అది?" కదిరప్ప ఆయన గొంతు పట్టుకున్నాడు. "యాడ నీ పెండ్లాం?"

వెలుగు కదిలింది!

ఇంతసేపూ పక్క చేను మీద పడి ఉన్న హెడ్‌లైట్ల వెలుగు... జరుగుతోంది. గట్టు మీదికి, మంద మీదికి, ముగ్గురి ముఖాల మీదికి వచ్చింది. దాటిపోయింది.

వ్యాన్ తిరుగుతోంది!

స్టీరింగు దగ్గర లక్ష్మీపతి. ట్రాక్టరు తిప్పినట్టే ఒడుపుగా తిప్పుతున్నాడు. తెరిచిన తలుపులో, కమ్మీ పట్టుకుని నిలబడి నల్లమ్మ! వంకలో వంగి నడిచి, చుట్టు తిరిగి, మళ్ళీ రోడ్డెక్కింది. వీళ్ళిద్దరూ మందలో వెతుకుతున్నంతసేపూ ఆమె తన వాళ్ళను సిద్ధం చేస్తూ ఉంది.

"ఓ ట్రావెల్సప్పా!" ఆమె గొంతు చేల మీదుగా వచ్చింది. "మీ ఆఫీసరుకు చెప్పు... మా తిరుగు తేదీ ఈ పొద్దేనని!"

వ్యాన్‌లో ఎవరో ఈల వేశారు.

ఆమె కిరణ్‌ను తిట్టిపోయలేదు. ఇటు చూసింది. ఊరకనే చూసింది.

విన్నది. వాడు అరిచింది విన్నది! ఇంత దూరం ఆమె మాట ఇటు వచ్చినప్పుడు, వాడి మాట అటు పోదా?

"నీ యమ్మ..." కదిరప్ప తిప్పన్నను విదిలించి పారేశాడు. పిస్టలు చాచాడు. తెరిచిన తలుపు... అందులో నిలబడిన చీర... వెనుక నుంచి లైటు. తప్పిపోయే గురి కాదు.

వేలు బిగుసుకుంటోంది.

కిరణ్ ఆలోచించలేదు. ఆలోచించినందువల్లే ఇక్కడి దాకా వచ్చాడు.

దూకాడు. రెండు చేతులతో గొట్టం పట్టుకున్నాడు. తన వైపు లాక్కున్నాడు!

ఢాం!

మంద మంద ఒక్కసారిగా లేచింది. వల తెంచుకుంది. కదిరప్పను పడదోసుకుంటూ చీకట్లోకి పరుగెత్తింది.

కిరణ్ మోకాళ్ళ మీదికి జారాడు. పొట్టకు అరచెయ్యి అదుముకున్నాడు. వేళ్ళ సందున వెచ్చగా...

రోడ్డు మలుపు దగ్గర ఎర్ర లైట్లు. చిన్నవవుతున్నాయి. ఇంకా చిన్నవవుతున్నాయి.

ఆగలేదు వ్యాన్.

ఆగకూడదు!

ఆగితే అత్త దిగుతుంది. పరుగెత్తుకుంటూ వస్తుంది. తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటుంది.

తూటానైతే ఓర్చుకోగలడు.

దాన్ని ఓర్చుకోలేడు.