ఐదో టేక్

నాటక రచయిత ఒనొరే బ్రిసాదెల్‌ని చంపిన ఆయుధం ఆయన తలే.

కంచు తల. అభిమానులు చందాలేసుకుని చేయించి ఇచ్చిన విగ్రహం. టాకీలకి మాటలు రాయమని స్టూడియో వాళ్ళు పిలిచినప్పుడు, పారిస్ నుంచి దాన్నీ వెంట తెచ్చుకున్నాడు. ఎదురుగా తన మొహం కనిపించకపోతే ఆయనకి కలం కదలదు. మంగళవారం మధ్యాహ్నం స్టూడియో మేడ మీద ఆయన గదిలో ఎవరో ఆ విగ్రహం ఎత్తి ఆయన నెత్తిన కొట్టారు.

మూడుంపావు దాకా ఆయన ఫోన్‌లో ఎవరినో తిడుతూనే ఉన్నాడు. మూడున్నరకి శవం.

ముందు చూసింది రెమీ వోక్లేర్. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. బ్రిసాదెల్‌కి సహాయ రచయిత. రెమీ కేకలు విని జనం మేడ మీదికి పరిగెత్తేసరికి విగ్రహం అతని చేతుల్లోనే ఉంది. చొక్కా నిండా రక్తం.

"ఆయన మెడ మీద పడి ఉంటే తీశాను" అన్నాడు.

ఎవరు నమ్ముతారు? ఆ పొద్దున్నే క్యాంటీన్‌లో అందరి ముందూ ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నంత పని చేశారు. సినిమాలో సగం మాటలు రెమీ రాసినవి. తెర మీద పేరు మాత్రం బ్రిసాదెల్‌ది ఒక్కడిదే.

ఇన్‌స్పెక్టర్ అశీల్ ద్రువో అతనికి బేడీలు వేశాడు. వేసిన దగ్గర్నుంచీ ఆయనకి కాలు ఒకచోట నిలవడం లేదు.

కొట్టినవాడు విగ్రహం పారేసి పోతాడు. తీసి పట్టుకుని నిలబడడు. కానీ ఈ ముక్క మేజిస్ట్రేటుకి చెబితే నవ్వి పంపిస్తాడు. బుధవారం సాయంత్రం ఐదింటికి రెమీని ఆయనకి అప్పగించాలి. ఆ తర్వాత కేసు ద్రువో చేతుల్లో ఉండదు. నేరం రుజువైతే కుర్రాడి మెడ గిలటిన్ కత్తి కిందికి పోతుంది.

బుధవారం రెండింటికి ద్రువో మళ్ళీ స్టూడియోలో ఉన్నాడు. బయట మార్న్ నది మీద వాన. మెట్ల దగ్గర ఒకావిడ దారికి అడ్డంగా నిలబడింది. ఓడీల్. ఈ సినిమాలో హీరోయిన్. రెమీ భార్య.

"మా ఆయన చంపలేదు."

"మీకెలా తెలుసు?"

"కోపమొస్తే ఆయన గది తలుపేసుకుని రాస్తాడు. మూడేళ్ళుగా చూస్తున్నా."

"అది సాక్ష్యం కాదమ్మా."

"మీ దగ్గరున్నది సాక్ష్యమా? రక్తంలో పడి ఉన్న మనిషిని ముట్టుకోకుండా దూరంగా నిలబడేవాడైతే నేనసలు పెళ్ళే చేసుకునేదాన్ని కాదు."

ద్రువో టోపీ అంచు తిప్పుతూ షూటింగ్ స్టేజి వైపు నడిచాడు.

అక్కడ డైరెక్టర్ తురెల్ పట్టుకున్నాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు.

"స్టేజికి మీరేసిన సీలు ఎప్పుడు తీస్తారు సార్?"

"అంత తొందరేమిటి?"

"స్వీడన్ వాళ్ళొచ్చారు. ఇదే సీను, ఇదే సోఫా, వాళ్ళ భాషలో తియ్యాలి. పొద్దుట్నుంచీ మేకప్ వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ హీరోకి మీసం ఊడిపోతోంది. ఎల్లుండి ఇటలీ వాళ్ళొస్తారు. చచ్చిపోయినాయన చచ్చిపోయాడు, మమ్మల్ని కూడా చంపుతారా?"

"నిన్న మూడుంపావు నుంచి మూడున్నర దాకా ఎవరెక్కడున్నారో ఇంకోసారి చెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పను? ఐదో టేక్ నడుస్తోంది. సీను మొత్తం ఒకే పట్టున తీస్తాం, నాటకంలో లాగా. టేక్ నడుస్తుంటే ఎర్ర దీపం వెలుగుతుంది, తలుపులు మూసేస్తారు. ఫ్యాన్లు కూడా ఆపేస్తాం. చీమ చిటుక్కుమన్నా మైకు పట్టేస్తుంది. ముప్పైమందిమి లోపలే ఉడికాం. బయటున్నవాడు రెమీ ఒక్కడే."

"ముప్పైమందినీ మీరు కళ్ళారా చూశారా?"

"సెట్టు మీద దీపాలు మండిపోతుంటాయి. చుట్టూ చీకటి. ఎవరు కనిపిస్తారు? కానీ తలుపులు మూస్తే ఇంకెక్కడికి పోతారు?"

"ముయ్యక ముందే పోయి ఉంటే?"

తురెల్ కళ్ళు చిట్లించాడు.

"పోతే పని ఆగేది సార్. దీపాల దగ్గర మనిషి లేకపోతే దీపం వెలగదు. కెమెరా దగ్గర లేకపోతే కెమెరా తిరగదు. ఐదో టేక్ బంగారంలా వచ్చింది. ఎవరి పనీ ఆగలేదు. కావాలంటే చూడండి, ల్యాబులో రీలు కడిగి తెచ్చారు."

ద్రువోకి సినిమాలంటే పడదు. చీకట్లో కదలకుండా కూర్చోవడమంటే ఇంకా పడదు. అయినా వెళ్ళాడు.

ప్రొజెక్షన్ గదిలో నలుగురే. తురెల్, ఓడీల్, ద్రువో, వెనక వరసలో ఒక ముసలాయన. పేరు కెనార్. ముప్పై ఏళ్ళుగా బ్రిసాదెల్ నాటకాలకి ప్రాంప్టర్. నటులు మాట మర్చిపోతే స్టేజి కింద గూట్లోంచి అందించేవాడు. ఆ నాటకాలాడే థియేటర్‌ని టాకీల హాలుగా మార్చేశాక బ్రిసాదెల్ ఆయన్ని కూడా స్టూడియోకి తెచ్చాడు. తన మాటల్లో ఒక్క అక్షరం మారకూడదని షరతు పెట్టి, సోఫా వెనక కూర్చోబెట్టాడు.

తెర మీద ఓడీల్. సీనులో భర్త ఇల్లు వదిలి పోతున్నాడు. ఆమె సోఫా దాకా వచ్చింది. ఆగింది. కళ్ళు ఒక్కసారి కిందికి వాలాయి. నిశ్శబ్దం. రీలు గరగర తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి తలెత్తి, "గొడుగైనా తీసుకెళ్ళండి" అంది.

"చూశారా ఆ గ్యాప్?" అన్నాడు తురెల్. "గుండె పిండేశారు మేడమ్."

"నేను మాట మర్చిపోయాను" అంది ఓడీల్ నీరసంగా.

"అలా మర్చిపోతేనే బాగుంది."

ద్రువో సీట్లోంచి లేచాడు. అటూ ఇటూ నడిచాడు. తెర మీద ఆయన నీడ పడింది.

"అంతకుముందు నాలుగు టేకులు ఎందుకు పాడయ్యాయి?"

తురెల్ వెనక్కి చూసి నోరు నొక్కుకుని నవ్వాడు.

"ఈ పెద్దాయన పుణ్యమే. మైకు సోఫా పక్క పూలకుండీలో ఉంది. మేడమ్ ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, మర్చిపోయిందనుకుని మాట అందిస్తాడు. గుసగుస మొత్తం రికార్డయిపోతుంది. నాలుగు టేకులూ నాలుగు గుసగుసలు. నాకు పిచ్చెక్కి బ్రిసాదెల్‌ని కిందికి పిలిపించాను. ఆయన వచ్చి, 'రేపట్నుంచి నువ్వు రావద్దు కెనార్' అనేసి మేడ మీదికి వెళ్ళిపోయాడు. మందు బాగానే పనిచేసింది. ఐదో టేక్‌లో నోరు విప్పితే ఒట్టు."

ద్రువో వెనక వరస దాకా వెళ్ళి ముసలాయన పక్కన నిలబడ్డాడు.

"ఐదో టేక్‌లో ఎక్కడున్నారు పెద్దాయనా?"

"నా చోట్లోనే బాబూ. సోఫా వెనక."

"ఎవరైనా చూశారా?"

"ప్రాంప్టర్ కనిపించకూడదు. కనిపిస్తే వాడు ప్రాంప్టరే కాదు."

"ఆవిడ నిజంగా మాట మర్చిపోయినప్పుడు మీరెందుకు అందించలేదు?"

"డైరెక్టర్ గారు అన్ని తిట్లు తిట్టాక ఇంకా నోరు తెరుస్తానా? మాస్టారు కూడా కోప్పడ్డారు. నోట్లో రుమాలు కుక్కుకుని కూర్చున్నాను."

జవాబు బాగానే ఉంది. కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. కెనార్ గొంతులో ఒణుకు కూడా లేదు. కానీ ఆయన చూపు ఇన్‌స్పెక్టర్ మీద లేదు. ఖాళీ తెర మీదే ఉంది.

ద్రువో వాచీ చూసుకున్నాడు. మూడున్నర.

"తురెల్ గారూ, స్టేజి తెరుస్తున్నాను. ఆ సీను ఇంకోసారి చేయించండి. ఫిల్మ్ అక్కర్లేదు. దీపాలు, మనుషులు, అన్నీ నిన్నట్లాగే ఉండాలి. కెనార్ గారు సోఫా వెనక ఉండాలి."

"స్వీడన్ వాళ్ళు..."

"వాళ్ళని కూడా పిలవండి. చూసి నేర్చుకుంటారు."

ఓడీల్‌ని పక్కకి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ మొహం పాలిపోయింది. తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకో మాట అన్నాడు. ఈసారి ఆవిడ తల వంచుకుంది.

సెట్టు ముందు ఒక కుర్చీ వేశారు. ఇద్దరు పోలీసుల మధ్య రెమీని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. రాత్రంతా నిద్ర లేదు, గడ్డం మాసింది. చేతులకి బేడీలు. భార్యని చూడగానే చేతులు ఒళ్ళో దాచుకోబోయాడు. గొలుసు చప్పుడైంది.

"సైలెన్స్" అన్నాడు తురెల్, అలవాటు కొద్దీ.

ఎర్ర దీపం వెలిగింది. తలుపులు మూశారు. ఫ్యాన్లు ఆగిపోయాయి. ఒక్క నిమిషంలో గాలి చిక్కబడింది. మీసం ఊడిన స్వీడన్ హీరో కూడా గుమ్మం పక్కన ఊపిరి బిగబట్టాడు.

సీను నడిచింది. భర్త పాత్రధారి కోటు వేసుకున్నాడు. ఓడీల్ సోఫా దాకా వచ్చింది. ఆగింది. కిందికి చూసింది.

ఎవరూ కదల్లేదు. ద్రువో వేళ్ళు టోపీని నలిపేస్తున్నాయి. ఓడీల్ అలాగే నిలబడింది. తెర మీద ఆగినదానికి రెండింతలు ఆగింది. పెదవులు తెరిచింది, మూసింది. రెమీ కుర్చీలో ముందుకి వంగాడు. తురెల్ చెమట తుడుచుకున్నాడు. ఇంకెంతసేపు? ఆవిడ కళ్ళు సోఫా మీదనుంచి కదలడం లేదు.

సోఫా వెనకనుంచి మెత్తగా, స్పష్టంగా, ఆ గదిలో ప్రతి ఒక్కరికీ వినిపించేలా ఒక గుసగుస వచ్చింది.

"గొడుగైనా తీసుకెళ్ళండి."

ఓడీల్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"అన్ని దీపాలూ వెయ్యండి" అన్నాడు ద్రువో.

ఫ్యాన్లు మళ్ళీ తిరిగాయి. కెనార్ సోఫా వెనకనుంచి మెల్లగా లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. మొదటిసారి దీపాల వెలుగులో నిలబడ్డాడు.

"ఐదో టేక్ బాగా వచ్చిందని అందరూ సంబరపడ్డారు" అన్నాడు ద్రువో. "ఎందుకు బాగా వచ్చిందో ఎవరూ అడగలేదు. నాలుగుసార్లు నోరు మూసుకోలేనివాడు ఐదోసారి ఎలా మూసుకున్నాడు? అదీ ఆవిడ నిజంగా మర్చిపోయినప్పుడు. ఎవరి పని ఆగినా తెలిసేదన్నారు డైరెక్టర్ గారు. ఒక్కడి పని ఆగింది. అది ఆగాలనే అందరూ మొక్కుకుంటున్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన నోరు మూసుకోలేదు. అసలు ఇక్కడ లేడు. నాలుగో టేక్ అయ్యాక, తలుపులు మూసే లోపే మేడ మీదికి వెళ్ళాడు. టేక్ అయ్యాక తలుపులు తెరిస్తే జనంలో కలిసిపోయాడు."

తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇది కోర్టులో నిలబడదు పెద్దాయనా. గుసగుసని ఏ జడ్జీ సాక్ష్యం కింద తీసుకోడు. ఆ మాట నాకూ తెలుసు, మీకూ తెలుసు."

కెనార్ తలూపాడు.

"బతిమాలడానికి వెళ్ళాను బాబూ" అన్నాడు. "ఆయన ఫోన్‌లో ఉన్నారు. చాలాసేపు గుమ్మంలోనే నిలబెట్టారు. పెట్టేశాక, 'ఇంక నీతో పనేముంది? మైకుకి నువ్వంటే పడదు' అన్నారు. నాకంటూ ఇల్లు లేదు. ఆ గూట్లోనే నా బతుకంతా పోయింది మాస్టారూ అన్నాను. ఆయన నవ్వి కాగితాల వైపు తిరిగారు. తర్వాత నా చేతిలో ఆ విగ్రహం ఉంది. పొరపాటు అని చెప్పను. కొట్టాను."

"నా భర్తని పట్టుకుపోతుంటే మీరు చూస్తూ ఉన్నారు" అంది ఓడీల్.

"ఉన్నానమ్మా. సాయంత్రానికి వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. పొద్దున వచ్చి చెప్పేద్దామనుకున్నాను. భయమేసింది. నాలాంటి పిరికివాడు ఈ ఊళ్ళో ఇంకొకడు ఉండడు."

ద్రువో తాళం తీసి రెమీ బేడీలు విప్పాడు. రెమీ లేవబోయి తూలాడు. ఓడీల్ వచ్చి పట్టుకుంది. భర్త మణికట్లు తడుముతూనే ముసలాయన వైపు తిరిగింది.

"ఇన్‌స్పెక్టర్ గారు ఆగమన్నారు, ఆగాను. నేనేం మర్చిపోలేదు. ఆ కుర్చీలో ఈయన కూర్చుని ఉండగా ఆ మాట ఎలా మర్చిపోతాను? ముప్పై ఏళ్ళ అలవాటు, మీ నోరు ఊరుకోదు అన్నారాయన."

"అలవాటు కాదు తల్లీ."

ద్రువో టోపీ తిప్పడం ఆపాడు.

"నువ్వు మర్చిపోలేదని నాకు తెలుసు" అన్నాడు కెనార్. "మర్చిపోయినవాళ్ళ కళ్ళల్లో భయం ఉంటుంది. ఇవాళ లేదు. నిన్న ఉంది. ఇందాక ఆ గదిలో తెర మీద చూశాను. నిన్న నువ్వు నిజంగా మర్చిపోయి నాకోసం చూశావు, నేనక్కడ లేను."

చేతులు తనే ముందుకి చాపాడు. ద్రువో బేడీలు వేస్తుంటే ఓడీల్ వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"ఇవాళైనా ఉండాలనిపించిందమ్మా."