దేవుడి వేళ్ల సందు

మా పుట్యోలిలో మిట్టమధ్యాహ్నం కాగానే కొండ మీది గంధకం వాసన ఊళ్లోకి దిగుతుంది. ఆ వేళకు ఉలుల చప్పుడు ఆగిపోయి అందరూ నిద్రపోతారు. నా భార్య మెలిట్టా పోయినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పని చేసుకుంటూ కూర్చుంటాను.

ఆ నెల చేతిలో ఉన్నది ముగ్గురి పలక. ఏథెన్సు నుంచి వచ్చిన సున్నపు అచ్చు మీద చుక్కలు పెట్టి, కంపాసుతో కొలిచి, పాలరాతిలోకి దించుతాం. అందులో చచ్చిన భార్యను పాతాళం నుంచి తెచ్చుకుంటున్న పాటగాడు, దేవతలు చూడొద్దన్నా వెనక్కి తిరిగి చూశాడు. ఆమె చేయి ఇంకా అతని భుజం మీదే ఉంది. వెనక దేవుడు ఆమెను మళ్లీ తీసుకుపోవడానికి మణికట్టు పట్టుకున్నాడు. ఇలాంటివి ఇదివరకు పదకొండు చెక్కాను. ఆ మణికట్టు దగ్గరికి వస్తే ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

మా యజమాని ట్రిఫోన్ వచ్చాడు. "ఒరేయ్ స్టాకిస్, విబీదియమ్మగారి తోటకి ఏడుపు బొమ్మ వద్దట. తల్లీ, ఇద్దరు కొడుకులూ అని పేర్లు చెక్కెయ్."

"మొగుడూ పెళ్లాలు కదయ్యా వీళ్లు!"

"మొన్నటిదాకా. డబ్బిచ్చేది ఆవిడా, నువ్వా?"

పేర్లు చెక్కాను. ఎవరికీ చెప్పకుండా ఆమెకు మెలిట్టా ముఖం పెట్టాను. దేవుడి వేళ్లకూ ఆమె మణికట్టుకూ మధ్య దారమంత సందు తీశాను. కొడుకు తల్లిని లాక్కుపోడు కదా.

మర్నాడు మధ్యాహ్నం పలకకు నునుపు పెడుతున్నాను. గంధకం వాసన ఉన్నట్టుండి పోయింది. గులాబీ నూనె వాసన... మెలిట్టా తలకు రాసుకునేది.

భుజం మీద చేయి పడింది. చల్లగా...

"ఇంకా కాలేదా నీ రాయి?" బతికుండగా రోజూ దెప్పిన మాటే. గొంతు మాత్రం గుసగుసగా ఉంది. "ఇటు చూడకు. కాసేపు ఉండనీ..."

ఆ కథ నాకు తెలియనిదా? కానీ పేర్లు మార్చేశాం, ఇప్పుడది ఆ కథే కాదు. తల్లిని చూస్తే ఎవరు కాదంటారు?

తిరిగాను.

ఎవరూ లేరు. భుజం మీది నుంచి ఒక్కో వేలూ జారిపోయింది... చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

నిద్ర లేచి వచ్చిన ట్రిఫోన్ పలక చూసి, "ఆ చేతి పట్టు అచ్చం అసలు దానిలాగే దించావురా" అన్నాడు.

సందులో కంపాసు మొన పెట్టబోయాను. దూరలేదు. చెక్కిన రాయి మళ్లీ పెరగదు, ఇరవయ్యేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. దేవుడి వేళ్లు మెలిట్టా మణికట్టును గట్టిగా బిగించి ఉన్నాయి.

ఆ వేళ్ల చుట్టూ తెల్లరాయి ఎర్రగా కందింది. తడిగుడ్డతో ఎంత తుడిచినా పోలేదు.