దేవి చదవాల్సిన మాట

మధ్యాహ్న భోజనం అయింది. బయట సన్నగా వాన పడుతోంది. కోటబొమ్మాళి స్టేషన్ వైపు పోతున్న రైలు కూత కూడా తడిసి మెత్తగా వినిపించింది. ఒకటో తరగతి పిల్లలు చాప మీద కూర్చుని ఆవలిస్తున్నారు.

ఆ రోజు శనివారం. బ్యాగు తేనక్కర్లేని రోజు. ఐదో తరగతి వాళ్లలో ఒకరు చిన్నపిల్లలకి కథ చదివి వినిపించాలి. ఈసారి వంతు దేవిది.

దేవికి చదవడం కష్టం. "నాను సూస్తంటే అచ్చరాలు ఊగుతాయే. పట్టుకునేలోగా పక్కకి జరిగిపోతాయి," అని స్నేహితురాలు హేమకి ఒక్కదానికే చెప్పింది. ఇన్నాళ్లూ తన వంతు వస్తే తలనొప్పి అని తప్పించుకునేది. కానీ ఈ ఏడు చెల్లెలు ఉష ఒకటో తరగతిలో చేరింది. "మా అక్క ఎప్పుడు సదువుతాది?" అని ప్రతి శనివారం అడుగుతోంది. చెల్లి ముందు ఒక్కసారైనా కథ చదవాలని దేవికి ఎంతో ఆశగా ఉంది.

అనూరాధ టీచర్ దేవికి తోడుగా హేమని పక్కన కూర్చోబెట్టారు.

హేమ మంచిపిల్లే. గబగబా చదువుతుంది కూడా. గొడవంతా ఆ నోటితోనే! ఎవరి మాటనైనా వాళ్లకంటే ముందే పూర్తి చేసేస్తుంది. ఇంట్లో వాళ్లమ్మ "ఒలే, ఆ..." అనగానే "చీపురా?" అంటుంది. ఆవిడకి కావాల్సింది చెంబైనా సరే, చీపురు వచ్చేస్తుంది.

దేవి పుస్తకం తెరిచింది. పేజీ నిండా లేత నీలం. కొండ మీద ఒక చిన్న మబ్బు పడుకుని ఉంది. మొదటి మాట మీద వేలు పెట్టింది.

"అ... అన..."

"అనగనగా," చెవిలో అంది హేమ.

"అనగనగా," అంది దేవి.

"ఊఁ," అన్నారు పిల్లలు.

"ఒక... మ..."

"మబ్బు! ఒక మబ్బు ఉండేది."

"ఊఁ!"

హేమకి సరదా పుట్టింది. గొంతు పెద్దదైంది. మబ్బు కొండ దిగింది, జీడితోట దాటింది, వరి చేల మీద తేలుతూ పోయింది. అంతా హేమే చెబుతోంది. దేవి వేలు ఇంకా మొదటి వరుసలోనే ఉంది.

పిల్లలు ఒక్కొక్కరే హేమ వైపు తిరిగారు. చివరికి ఉష కూడా జరుగుతూ జరుగుతూ వచ్చి హేమ ఎదురుగా కూర్చుంది. ఆమె మొహంలోకి చూస్తూ "ఊఁ" కొట్టింది.

దేవి పుస్తకం మూసేసి వరండాలోకి వెళ్లిపోయింది.

హేమ వెనకాలే పరుగెత్తింది. "ఏటయినాదే? నీకు సాయం సేస్తన్నాను కదా!"

దేవి కళ్లు తుడుచుకుంది. "నాను ఆ మాట కాడికి మెల్లగా ఎల్తన్నాను హేమా. నువ్వు ముందే లాగీసుకుంతన్నావు. ఇప్పుడు మా ఉష కూడా నీకే ఊఁ కొడతన్నాది."

హేమ ఏదో అనబోయింది. మాట దొరకలేదు. అలా జరగడం ఆ పిల్లకి బహుశా అదే మొదటిసారి. సాయం అనుకుంటూ తను చేసిన పని ఇదా? హేమకి చాలా బాధేసింది.

"నన్నేటి సెయ్యమంతావు?" మెల్లగా అడిగింది.

"నువ్వెళ్లి పిల్లల్లో కూకో."

"మధ్యలో ఆగిపోతే?"

"ఆగుతాను. ఆగనీ."

గుమ్మంలో నిలబడిన అనూరాధ టీచర్ అంతా విన్నారు. పుస్తకం తెచ్చి దేవి చేతిలో పెట్టారు.

హేమ వెళ్లి ఉష పక్కన కూర్చుంది. దేవి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒక మాట. తర్వాత చాలాసేపు వాన చప్పుడు. మళ్లీ ఒక మాట. పిల్లలెవరూ కదల్లేదు. కొందరు కళ్లు మూసుకున్నారు. దేవి అంత మెల్లగా చదువుతుంటే మబ్బు నిజంగానే గదిలో తేలుతున్నట్టు ఉంది. హేమకి ఈ కథంతా వచ్చు. అయినా ఆ మబ్బు వరి చేల మీద ఆగి అలుపు తీర్చుకోవడం మాత్రం ఇప్పుడే కనిపించింది.

"మబ్బు... వె... వెన్..."

దేవి ఆగిపోయింది. వేలు అక్కడే ఉంది.

హేమ పెదాల మీదికి మాట వచ్చేసింది. గబుక్కున చేత్తో నోరు మూసుకుంది.

ఉష ఆమె చెయ్యి లాగింది. "హేమక్కా, నీకు తెలుసు కదా. ఆ మాటేటి?"

"నాకు తెల్దమ్మా," అంది హేమ. "మీ అక్క సెప్తాది. ఉండు."

దేవి మళ్లీ ఆ మాట మొదటికి వెళ్లి, వేలు కొంచెం కొంచెంగా జరిపింది.

"వె... న్నె... ల్లో. వెన్నెల్లో!" దేవి కళ్లు పెద్దవయ్యాయి. "మబ్బు వెన్నెల్లో నిద్రపోయింది!"

ఉష లేచింది. పిల్లల్ని దాటుకుంటూ వెళ్లి అక్క మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"తరవాతేటయినాది అక్కా?"

దేవి పేజీ తిప్పి కొత్త మాట మీద వేలు పెట్టింది. తర్వాత ఏమవుతుందో హేమకి తెలుసు. అయినా పిల్లలందరితో పాటు దేవి వైపే చూస్తూ కూర్చుంది.